మావగారి స్కూటర్‌కి గాలి

నా పెళ్ళయిన కొత్తలో సంగతి. జలంత్రకోటలో మా మావగారి పాత స్కూటర్ వేడెక్కి దారిలోనే ఆగిపోతుండేది. పాత ఇనుము కింద అమ్మేస్తానన్నారు. చూస్తే ఇంజను మీద రేకు మూత లేదు. "గాలి తగుల్తాదని నానే తీసీసినాను, అల్లుడూ" అన్నారు.

స్కూటర్ లోపలుండే ఫ్యాను గాలిని ఇంజను చుట్టూ తిప్పేది ఆ మూతేనని పలాస గ్రంథాలయంలో చదివాను. ఇంజను సందుల్లో ఇరుక్కున్న కొబ్బరి పీచంతా ఈనెతో లాగేసి, మూత బిగించాను.

మర్నాడు పొద్దున్నే టీ తాగొస్తానని ఆ స్కూటర్ మీద వెళ్ళిన మావగారు మధ్యాహ్నమైనా రాలేదు. ఆయన ఫోనూ ఇంట్లోనే ఉంది.

"మీ పుస్తకం మా నాన్నని ఏ రోడ్డు మీద ఒగ్గీసిందో!" అంది నా భార్య. నేను వీధి గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాను.

ఆఖరికి స్కూటర్ చప్పుడు వినిపించింది. హ్యాండిల్‌కి చేపల సంచి!

"టెక్కలి దాటి భావనపాడు సముద్రం దాకా ఎలిపోనాను. ఇది ఆగితే కదా!" అన్నారు మావగారు.

నేను చదివినదానికి అంత రుచైన బహుమానం మళ్ళీ దొరకలేదు.