తడవని కొప్పు

మొన్న మీరు పుణె నుంచి పంపిన వీడియో నాలుగుసార్లు చూశాను. పెద్ద పిల్లా, బడి కొలనులో నువ్వు కప్ప ఈత ఈదుతున్నావు. గట్టు మీద మీ సారు తల కిందికి, తల కిందికి అంటున్నాడు. నువ్వు వినడం లేదు. గడ్డం ఎత్తి, మెడ బిగబట్టి, గబగబా చేతులు లాగుతున్నావు. "ఎట్లుంది అవ్వా?" అని ఫోన్‌లో అడిగితే "మంచిగుంది బిడ్డా" అన్నాను. అబద్ధం చెప్పాను. అచ్చం మీ చిన్నవ్వ ఈదినట్టే ఉంది.

మీ చిన్నవ్వ, అంటే నా చెల్లెలు, నీళ్లలో పడి పోయిందని మాత్రమే మీ నాన్న మీకు చెప్పాడు. ఆమెకు ఈత వచ్చు. నేర్పింది నేనే.

పెద్దమందడి దగ్గర మా పొలంలో ఒక బావి ఉండేది. ఆడపిల్లలు అందులో దిగితే మా అమ్మ ఊరుకునేది కాదు. మధ్యాహ్నం ఆమె కలుపు తీయడానికి పోయాక, లంగాలు గట్టున పెట్టి, మా అన్న పాత చొక్కాలు తొడుక్కుని దిగేవాళ్లం. చొక్కాలు ఎండకు ఆరిపోయేవి. జడలు అంత తొందరగా ఆరేవి కావు. సాయంత్రం ఇంటికి రాగానే అమ్మ ముందు మా తలలు తడిమి చూసేది. అందుకని జడ నెత్తిమీద ముడి వేసుకుని, గడ్డం పైకెత్తి ఈదడం నేర్చుకున్నాను. చెల్లెలి నడుముకు ఎండిన సొరకాయ బుర్ర కట్టి అదే నేర్పాను.

"మెడ గుంజుతుందే అక్కా. జర తల ముంచుతనే."

"ముంచు. పొద్దూకినంక అమ్మ ఈపు మోగిస్తే నాకు తెల్వదు."

"కప్ప ముంచుతది గదనే."

"కప్పకు జడుందా?"

నవ్వబోయి నీళ్లు మింగింది.

ఆ బావి ఎంత? నాలుగు బారలు వేస్తే అవతలి రాయి చేతికి తగిలేది. ఒక బారకూ ఇంకో బారకూ నడుమ ఒళ్లు చాపి ఆగాలని మాకెప్పుడూ తోచలేదు. ఆగే లోపే గోడ వచ్చేసేది.

తర్వాత ఆమెను కొల్లాపూర్ వైపు, కృష్ణ ఒడ్డున ఉన్న ఊరికి ఇచ్చారు. మూడేళ్ల కింద, వానలు పడ్డాక, ఆమె, ఊరివాళ్లు కొందరు అవతలి ఒడ్డున కూలి చేసి పుట్టిలో తిరిగి వస్తున్నారు. పుట్టి అంటే బుట్టలాగా గుండ్రంగా ఉండే పడవ. గాలికి అది తిరగబడింది. మిగతా వాళ్లంతా దాని అంచు పట్టుకుని వేలాడారు. అందరూ బతికారు.

వాళ్లలో ఒకామె పదోనాడు నా పక్కన కూర్చుని చెప్పింది.

"మాకు ఈత రాదు గద అక్కా, మేం ఇడ్వలే. నీ చెల్లెనే, 'మీరు గట్టిగ పట్టుకోన్రి, ఒడ్డు గీడనే ఉంది, పోయి ఎవల్నన్న తోల్కొస్త' అన్నది."

దూరంగా వలలు తీస్తున్న ఒకాయన చెల్లెలిని చూసి తన పుట్టి తిప్పాడట. ఆయనా వచ్చాడు. నా మొహం చూడకుండా మాట్లాడాడు.

"కొప్పు కనబడుతనే ఉండెనమ్మా. శానా దూరం దాంక తడ్వలే. గట్ల తల లేపి ఈదితే కాళ్లు కిందికి గుంజుతయి, మనిషి అలిసిపోతది. ముఖం ముంచి, ఆగి ఆగి వచ్చి ఉంటే నేను అందుకుందును. ఎవలు నేర్పిన్రో ఏమో."

నేర్పింది నేనేనని ఇప్పటిదాకా ఎవరితోనూ అనలేదు.

చెల్లెలు యాభై దాటిన మనిషి. తల తడిమి చూసే అమ్మ పోయి ఎన్నో ఏళ్లయింది. అయినా మెడ దించలేదు.

బిడ్డా, మీ సారు మాట విను. చేతులు ముందుకు చాపేటప్పుడు ముఖం నీళ్లలో పెట్టు. ఊపిరి నీళ్లలోకే వదులు. కాళ్లు దగ్గరికి కొట్టాక వెంటనే మళ్లీ చేతులు లాగకు. ఒకటి, రెండు అనుకో. ఒళ్లు దానంతటదే కొంత దూరం పోతుందట. నాకు తెలియదు, నేనెప్పుడూ అట్లా ఈదలేదు. మూడేళ్లుగా అసలు నీళ్లలోకే దిగలేదు.

మళ్లీ వీడియో పంపు. నీ తల నీళ్ల కింద మాయమైన ప్రతిసారీ ఇక్కడ నా గుండె దడదడమంటుంది. అననీ. నువ్వు ముంచు.