గ్యాలరీలో డోళ్లు, సముద్రంలో యుద్ధనౌకలు

మా చిన్నాన్న కూతురు నాకంటే కొన్ని నెలలే చిన్నది. ఒకే లా కాలేజీ, ఒకే తరగతి, ఒకే బస్సు. బతుకుదెరువుకు వలస వచ్చిన బమ్రోలిలో మా రెండు కుటుంబాలవీ పక్కపక్క గదులు. మా నాన్న, చిన్నాన్న ఒకే కార్ఖానాలో మగ్గాలు నడిపేవారు. ఆ చెల్లెల్ని చూస్తే నాకు కడుపుమంట. దాచుకోవడం దేనికి? నేను బట్టీ పట్టి పట్టి తెచ్చుకునే మార్కులు అది నవ్వుకుంటూ తెచ్చుకునేది.

ఆఖరి సంవత్సరంలో అహ్మదాబాద్‌లో మూట్ కోర్టు పోటీ వచ్చింది. విద్యార్థులే లాయర్లుగా వాదించే ఉత్తుత్తి కోర్టు అది. మా కాలేజీకి ఒకటే చోటు. విషయం సముద్రం. తీరం నుంచి రెండు వందల నాటికల్ మైళ్ల దాకా చేపలు, చమురు తీరదేశానివే. అక్కడ ఎవరి ఓడలైనా పోవచ్చు. కానీ పరాయి దేశపు యుద్ధనౌకలు అక్కడికి వచ్చి, అడగకుండా ఫిరంగులు పేల్చి విన్యాసాలు చేయవచ్చా? అడగాలంటుంది మన దేశం. అక్కర్లేదంటాయి కొన్ని పెద్ద దేశాలు. మేం తీరదేశం తరఫున వాదించాలి.

ఎంపిక రోజున నేను సముద్రాల మీద దేశాలు చేసుకున్న ఒప్పందంలోని నిబంధనలన్నీ గడగడా అప్పజెప్పాను. ఎంపిక చేసే మేడం ఆవులించింది. తర్వాత మా చెల్లెలు లేచి మా గ్యాలరీ సంగతి ఎత్తుకుంది.

గ్యాలరీ అంటే మా గదుల ముందున్న పొడవాటి వరండా, అందరికీ దారి. గది ముందు బట్టల తీగ మాత్రం ఎవరిది వారిది. వినాయకుడి ఊరేగింపు కోసం కింది అంతస్తు పిల్లలు మా గుమ్మం ముందు డోళ్లు వాయించడం మొదలుపెడితే, చున్నీ నడుముకు బిగించి కొట్లాడింది నేను. "నడిస్తె వద్దన్నమా? ఈడ ఆగి డోళ్లు కొట్టాల్నంటె మమ్మల్ని అడగాలె!" అన్నది నేను. అప్పుడది తలుపు చాటున నిలబడి నవ్వింది. ఇప్పుడు ఆ మాటనే ఇంగ్లీషులో పెట్టి, డోళ్ల బదులు యుద్ధనౌకలను నిలబెట్టింది. మేడం కళ్లు మెరిశాయి. చోటు దానికే ఇచ్చేసింది. అబ్బబ్బ, ఎంత మండిందో! కొట్లాట నాది, మాట నాది, పేరు దానిది.

ప్రాక్టీసులో మేడం నన్ను పరాయి నౌకల లాయరుగా నిలబెట్టింది. నాకు కావలసిందీ అదే. "గ్యాలరీ మీ ఇల్లు కాదు. మీకున్నది బట్టలు ఆరేసుకునే హక్కే. మా డోళ్లతో మీకేం పని?" అని నిలదీశాను. అది గబగబా కాగితాలు తిరగేసింది. రేపటికి జవాబు దొరక్కపోతే నన్నే పంపుతానంది మేడం. లోపల గంతులేశాను.

బస్సులో అది ఏడుపు మొహంతో నా పక్కన కూర్చుంది.

"అక్కా, నువ్వైతె ఏం జెప్తుంటివే?"

"నాకేం తెల్వది."

"జవాబే లేదు గావచ్చు. బట్టలు వేరే, డోళ్లు వేరే. ఆళ్లు అన్నదే కరెక్టు."

కరెక్టా! తడి బట్టల బకెట్ పట్టుకుని ఆ గుమ్మంలో నిలబడ్డది నేను. ఒళ్లు మండిపోయింది.

"ఏంది కరెక్టు? తీగ కింద డోళ్లు పెట్టుకొని నిలబడితె బట్టలెట్ల ఆరేస్తవే, మొద్దూ? చేపలు నీయే అనుకుంటనే పడవ కదలకుంట ఫిరంగులు పేలిస్తె, గా హక్కు దేనికి, నాకనీకా?"

బస్సంతా మావైపు తిరిగింది. అది నన్ను గట్టిగా వాటేసుకుంది. అప్పుడు నాలుక కరుచుకున్నాను.

అహ్మదాబాద్‌లో జడ్జి సరిగ్గా నా ప్రశ్నే అడిగాడట. మా చెల్లెలూ సరిగ్గా నా జవాబే చెప్పిందట. కప్పు పట్టుకుని వచ్చింది. చిన్నాన్న కార్ఖానా అంతా మిఠాయి పంచాడు. మా నాన్న నా చేతిలో కూడా ఒక ముక్క పెట్టాడు.

"మీ చెల్లె నోరు జూడు, జడ్జినే గెలిచొచ్చింది. నువ్వు గింత చదివి ఏం ఫాయిదా? జర మాట్లాడుడు నేర్చుకో బిడ్డా," అన్నాడు.

మిఠాయి నోట్లో పెట్టుకుని నోరు మూసుకున్నాను. మూసుకోవాల్సింది బస్సులో.