మొగుళ్ళు మింగిన మాత్రలు

"మా ఒంట్లో సంగతి మమ్మల్నే అడిగి, మళ్ళీ మాకే చెప్పేందుకు నీకు జీతం కూడానా?" అని బట్టలు కుట్టే పిన్ని ఒకసారి సర్వేకి వచ్చిన ఆమెను మొహం మీదే అడిగింది. ఆరోగ్య పథకాలు పనిచేశాయో లేదో తేల్చడమే ఆమె ఉద్యోగం. "అవును పిన్నీ, చెయ్యి చాపు" అని నవ్వుతూ బీపీ పట్టీ చుట్టింది.

రక్తపోటు మాత్రలు ఉచితంగా పంచే పథకం ఉంటుందా, ఊడుతుందా అన్నది ఆమె నివేదిక మీదే ఆధారపడి ఉంది. ఏడాది పాటు ఆసుపత్రి నుంచి మాత్రలు తీసుకెళ్ళిన ఆడవాళ్ళకి బీపీ పిసరంత కూడా తగ్గలేదు. సేవ, త్యాగం అంటూ ఉపన్యాసాలు దంచిన ఆఫీసు పెద్దలు, పథకం మూసేద్దామనగానే తలలూపారు. ఆమెకు మాత్రం మనసొప్పలేదు.

"నిజం చెప్పు పిన్నీ, ఆ మాత్రలేం చేశావు?"

"మీ బాబాయి మింగాడు. ఆయనకీ బీపీయే. ఆసుపత్రి తెరిచే వేళకి పనిలో ఉంటాడాయె."

"మరి నీ సంగతి?"

"ఇచ్చేది ఒక్కరికి సరిపడానే, ఇద్దరికీ చాలొద్దూ!"

వీధిలో చాలా ఇళ్ళలో ఇదే కథ. ఆమె ఆదివారం పూట మళ్ళీ వెళ్ళి, సర్వే ఫారంలో చోటే లేని మొగుళ్ళందరికీ పట్టీ చుట్టింది. ఎక్కువమందికి బీపీ అదుపులోనే ఉంది. మందు పనిచేసిందనీ, మనం కొలిచింది మింగనివాళ్ళననీ నివేదికలో రాసింది.

పథకం నిలిచింది. ఆసుపత్రి ఇప్పుడు సాయంత్రాలు కూడా తెరుస్తున్నారు. పిన్ని మాత్ర పిన్నిది, బాబాయి మాత్ర బాబాయిది. ఆమె హాయిగా మరో వీధి సర్వేలో పడింది. ఆ ఆదివారపు పనికి ఇవ్వాల్సిన డబ్బు ఆఫీసు ఇంకా బాకీ ఉంది.