సంచుల మామయ్య, ముసలి గుర్రం

పక్కన ఎవరైనా లేచి నిలబడితే చాలు, ఆయన ఎడమచెయ్యి ముందుకు వస్తుంది. అరచెయ్యి పైకి తిరుగుతుంది. వేళ్ళు కొంచెం వంగుతాయి. ఇక మీ సంచి, మీ కళ్ళజోడు, మీ టోపీ అందులో పెట్టి మీరు హాయిగా వెళ్ళిరావచ్చు.

పళ్ళ డాక్టరు దగ్గర తన ముందు మనిషిని పిలిస్తే, ఈయన చెయ్యి చాచాడు. ఆ మనిషి అసలే భయం మీద ఉన్నాడేమో, ఆ చేతిని గట్టిగా నొక్కి లోపలికి వెళ్ళాడు. ఇంకోసారి బస్సులో దిగబోతున్న ఒక పెద్దావిడ జాలిపడి చిల్లర వేసింది. ఆవిడ వెనకే దిగి చిల్లర తిరిగిచ్చేలోపు బస్సు వెళ్ళిపోయింది. ఇంటికి నడిచొచ్చాడు.

"బుర్రకు తెలిసేలోపు ఆయన చేతికి తెలిసిపోతుంది," అంటుంది భార్య.

ఆయన గొడుగులు, సంచులు బాగుచేస్తాడు. వీధి మలుపులో దుకాణం. లోపల ఒక మనిషి నిలబడితే రెండో మనిషి పక్కకు తిరగాలి. గోడనిండా మేకులు, మేకులకు తెగిన పట్టీలు, ఊచలు విరిగిన గొడుగులు. జిప్పు మొరాయిస్తే కొవ్వొత్తి ముక్క రాస్తాడు. అప్పటికీ మాట వినకపోతే ఊడదీసి కొత్తది కుడతాడు. భార్య పరదాలు కుట్టే చోట పనిచేస్తుంది. వారమంతా ఇద్దరికీ సూదీ దారమే లోకం. సెలవు రోజు వస్తే మాత్రం పార్కు.

బస్సు ఆఖరి స్టాపులో దిగితే ఎదురుగా పార్కు గేటు. మొదటిసారి తీసుకెళ్ళింది ఆమే, పెళ్ళైన కొత్తలో. చెక్కతో కట్టిన రోలర్ కోస్టర్ ముందు నిలబడి, "వస్తారా?" అంది. ఆయన పైకి చూశాడు. మెడ ఎంత వంచినా శిఖరం అందలేదు.

"సంచి ఎవరు పట్టుకుంటారు?" అన్నాడు.

ఆ ఒక్క మాట మీద ఇన్నేళ్ళు గడిచిపోయాయి.

ఎక్కనివాడికి పార్కుతో పనేమిటి అనుకుంటారు. అక్కడే పొరపాటు. ఏటా ఆమెతోపాటు తనకూ పాస్ తీసుకుంటాడు. పార్కు పుట్టినరోజుకు ఉంటాడు. వానలు వెలిశాక గేట్లు తెరిచే రోజు ముందు వరసలో ఉంటాడు. పాస్ ఉన్నవాళ్ళకు ఇంజన్ల గది చూపించే రోజున, అందరూ ఫొటోలు తీసుకుంటుంటే ఆయన గొలుసు దగ్గర చెవి పెట్టి నిలబడతాడు. ఏ ఆట దగ్గర ఏ బెంచీకి ఎప్పుడు నీడ వస్తుందో ఆయన్నే అడగాలి. మెల్లగా ఆమె చుట్టూ ఒక గుంపు చేరింది. ఆమె తమ్ముడు, టైర్ల షాపులో పని. ఒక నర్సమ్మ. మరికొందరు. వాళ్ళందరి సంచులూ ఈయన భుజాల మీదికే చేరాయి. అలా సంచుల మామయ్య అయ్యాడు.

"బావా, నువ్వు విందుకొచ్చి చెప్పులు కాసుకునే రకం," అంటాడు బావమరిది.

"ఎవరో ఒకరు కాయకపోతే నువ్వు ఉత్తకాళ్ళతో ఇంటికి పోతావురా," అంటాడు ఈయన.

ఆ చెక్క కోస్టర్‌కు బోర్డు మీద ఏదో పేరుండేది. రంగు వెలిసిపోయింది. గుంపులో అందరూ ముసలి గుర్రం అంటారు. ఎక్కేటప్పుడు మూలుగుతుంది. మలుపుల్లో సకిలిస్తుంది. దిగినవాళ్ళ నడుములు ఓ రోజంతా దాన్నే తలచుకుంటాయి. ఆమెకు అదంటే ప్రాణం. ఎప్పుడూ ముందు సీటు. పక్కన నర్సమ్మ.

ఇక అసలు విషయం. శిఖరం మీద, బండి కిందికి దూకబోయే క్షణంలో, ఆమె చెయ్యెత్తి ఏదో అరుస్తుంది. ప్రతిసారీ అరుస్తుంది. కింద బెంచీ దగ్గర నిలబడ్డ ఆయనకు ఆమె నోరు తెరవడం కనిపిస్తుంది. మాట మాత్రం అందదు. గొలుసు చప్పుడు సగం మింగేస్తుంది, మిగతా సగం వెనకసీట్ల కేకలు మింగేస్తాయి.

"ఏమని అరుస్తావు?" అని అడిగాడు, మొదట్లో.

"ఎక్కితే తెలుస్తుంది," అంది.

తర్వాత కూడా అడిగాడు. అదే జవాబు. నర్సమ్మను అడగొచ్చు. కానీ పెళ్ళాం మాట పరాయివాళ్ళ నోట వినడం ఆయనకు నచ్చలేదు.

ఆ ఏడు పార్కు వాళ్ళు గేటు మీద కాగితం అంటించారు. ముసలి గుర్రాన్ని విప్పేస్తున్నారు. దాని చోట ఇనుముతో కొత్తది వస్తుంది. చివరి రోజున పాస్ ఉన్నవాళ్ళకు వీడ్కోలు సంబరం, ఆఖరి చుట్టుకు సీట్లు చీటీలు తీసి ఇస్తారు. గుంపులో చాలామందికి చోటు దొరికింది. ఆమె చీటీకి ముందు వరస వచ్చింది. వరసంటే రెండు సీట్లు.

ఇంటికొచ్చి ఆమె రెండో టికెట్టు ఆయన టీ గ్లాసు కింద పెట్టింది.

ఆయన గ్లాసు ఎత్తాడు. మళ్ళీ దించాడు.

"నర్సమ్మకు..."

"నర్సమ్మకు వెనక వరస వచ్చింది."

"నాకు తల తిరుగుతుందని తెలుసుగా."

"ఎక్కనిదే ఎలా తిరిగిందండీ?"

ఆయన చల్లారిన టీ తాగేశాడు.

"బలవంతం లేదు. ఇక అది ఉండదు, అంతే," అంది ఆమె, గ్లాసు తీసుకెళ్తూ.

అది ఉండదు. అంటే ఆ మాటా ఉండదు. ఆ కేక ఏమిటో తెలియకుండానే తన బతుకు వెళ్ళిపోతుంది. ఆయన మర్నాడు దుకాణంలో సూది గుచ్చాల్సిన చోట కాక వేలికి గుచ్చుకున్నాడు. ఆ తర్వాత లేచి పక్క సెలూన్‌కు వెళ్ళి, తిరిగే కుర్చీలో కూర్చున్నాడు.

"క్షవరమా?" అన్నాడు సెలూన్ అతను.

"కాదు. ఊరికే తిప్పు."

"ఎంత?"

"నేను ఆపమనేదాకా."

సెలూన్ అతను ఆయన్ను ఒకసారి, అద్దంలో ఆయన్ను ఒకసారి చూసి, తిప్పాడు. రోజూ తిప్పాడు. వారం గడిచేసరికి, ఆపమనడం ఆయన మరిచిపోతున్నాడు. దుకాణం మూసేటప్పుడు నిచ్చెన చివరి మెట్టు మీద నిలబడి కిందికి చూడడం కూడా మొదలుపెట్టాడు. భార్యకు చెప్పలేదు. ఆమెకు సెలూన్ అతను చెప్పాడు. తెలిసినట్టు ఆమె కూడా చెప్పలేదు.

వీడ్కోలు రోజున గుంపంతా ఒకే రంగు చొక్కాలు వేసుకుంది. ఆమె కుట్టింది. పరదాల దుకాణంలో మిగిలిన ఆకుపచ్చ గుడ్డ, మీద తెల్లటి ఆకులు.

"అక్కా, మనం సంబరానికి పోతున్నట్టు లేదు. కిటికీలు లేచి షికారుకు బయల్దేరినట్టుంది," అన్నాడు తమ్ముడు.

"గాలికి ఎగరకుండా కూర్చో చాలు," అంది ఆమె.

పార్కు కిటకిటలాడుతోంది. గుర్రం మెడకు కాగితం పూలు కట్టారు. బ్యాండు వాళ్ళు వాయిస్తున్నారు. ఆఖరి చుట్టుకు వరస కట్టమన్నారు. ఆమె ముందు నిలబడి గేటు దగ్గర అమ్మాయితో పాత ముచ్చట్లలో పడింది. ఆయన వెనక. శిఖరం వైపు చూడకుండా ఆమె మడమలే చూస్తున్నాడు. అయినా నిలబడ్డాడు.

"మామయ్యా, ఇదొక్కటి," అని నర్సమ్మ సంచి ఇచ్చింది.

చెయ్యి ముందే చాచి ఉంది. సంచి ఎక్కింది. బావమరిది టోపీ ఎక్కింది. ఎవరిదో గొడుగు, ఎవరివో కళ్ళజోళ్ళు, ఇంకెవరిదో నీళ్ళ సీసా. అందరూ మాట్లాడుకుంటూనే ఇచ్చారు, ఆయన ఆలోచించకుండానే తీసుకున్నాడు. ఇన్నేళ్ళుగా జరిగిందే జరిగింది. ఇవాళ ఆయన కూడా ఎక్కుతున్నాడని వాళ్ళకు గుర్తు లేదు. నిజానికి ఆ క్షణంలో ఆయనకూ గుర్తు లేదు.

అందరూ వెళ్ళి కూర్చున్నారు. వెనకపెట్టెల్లో ఒడి మీదికి కడ్డీలు దిగాయి. ముందు సీట్లో ఆమె కూర్చుని పక్కసీటు మీద దుమ్ము తుడిచింది.

"సామాన్లతో ఎక్కకూడదండీ," అంది గేటు అమ్మాయి.

ఆయన తనను తాను చూసుకున్నాడు. మెడనుంచి మోకాళ్ళదాకా సంచులే.

"ఇక్కడెక్కడైనా పెడితే..."

"బండి గాలికి పట్టాల మీద పడతాయి. సామాన్ల గది కూడా విప్పేశారండీ."

కంచె అవతల బోలెడు జనం. కానీ ఒకరి సామాను ఇంకొకరి చేతికిచ్చే మనిషి కాదు ఆయన. వెనక్కి తిరిగాడు. లోపల ముందుగా వచ్చింది "అమ్మయ్య". దాని వెనకే గుర్తొచ్చింది, ఇక ఎప్పటికీ తెలియని ఆ కేక. శిఖరం వైపు ఒకసారి చూసి, మెట్లు దిగబోయాడు.

"బావా, పోయిరా, నీ బెంచీ నీకోసం బెంగ పెట్టుకుంది!" అరిచాడు బావమరిది. ఎవరో నవ్వారు.

ఆమె నవ్వలేదు. తన ముందు కడ్డీ ఇంకా దించలేదు. లేచి దిగింది. వచ్చి ఆయన ముందు నిలబడి ఎడమచెయ్యి చాచింది. అరచెయ్యి పైకి తిప్పింది.

"ఇటివ్వండి."

"నీ సీటు?"

"నేను దీన్ని అరగదీశాను. మీరు ఒక్కసారైనా చూడకపోతే ఎలా?"

"మనిద్దరం కలిసి కదా..."

"ఇవ్వండంటే. బండి ఆగిపోయింది మీకోసం."

ఒక్కొక్కటే ఆమె భుజానికెక్కాయి. టోపీలు ఒకదాని మీద ఒకటి తలకెక్కాయి. వెనక వరసలో నవ్వులు ఆగిపోయాయి. బావమరిది తల వంచుకుని, "అక్కా, నా టోపీ నేను కూర్చుని కింద పెట్టుకుంటాలే," అన్నాడు.

"నోరుమూసుకుని కూర్చోరా."

నర్సమ్మ తన కడ్డీ ఎత్తించుకుని ముందుకొచ్చి ఆయన పక్కన కూర్చుంది. కడ్డీ దిగింది. ముసలి గుర్రం మూలిగి కదిలింది.

కిందినుంచి ఇన్నేళ్ళు విన్న గొలుసు ఇప్పుడు ఒంటికిందే కొడుతోంది. మొదట బెంచీలు చిన్నవయ్యాయి. తర్వాత గేటు. తర్వాత ఆఖరి స్టాపులో బస్సు, అగ్గిపెట్టెలా. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"మామయ్యా, మూసుకోకండి. అత్తయ్య అరిచేది ఇక్కడే."

"ఏమని?" అన్నాడు. ఇక పరాయి నోరో సొంత నోరో చూసుకునే సమయం లేదు.

"కిందికి చూడండి. బెంచీ దగ్గరికి."

చూశాడు. జనమంతా కదులుతున్నారు. మసకగా, చీమల్లా, ఎవరెవరో తెలియకుండా. ఒక్కరే కదలడం లేదు. అన్నివైపులా సంచులు వేలాడుతూ, తలమీద టోపీల దొంతరతో, ఆకుపచ్చగా, స్పష్టంగా. అంత ఎత్తునుంచి గుర్తుపట్టగలిగిన మనిషి ఆ పార్కు మొత్తంలో ఒక్కరే.

"‘అదుగో మా ఆయన!’ అంటుంది. ప్రతిసారీ," అంది నర్సమ్మ.

బండి శిఖరం మీద ఒక్క క్షణం ఆగింది. ఆయన ఎడమచెయ్యి లేచింది.

"అదుగో మా ఆవిడ!"

ఆ తర్వాత భూమి లేదు. కడుపు ఒకచోట, తాను ఒకచోట. మలుపులో గుర్రం సకిలించింది. దానికన్నా పెద్దగా ఈయన సకిలించాడు.

దిగేసరికి కాళ్ళు తేలిపోతున్నాయి. బావమరిది ఒకవైపు, నర్సమ్మ ఒకవైపు పట్టుకుని బెంచీ దాకా నడిపించారు. మొహం మాత్రం వెలిగిపోతోంది. బ్యాండు ఆగింది. జనం చప్పట్లు కొట్టారు. ఆమె బెంచీ పక్కనే కంచె దగ్గర నిలబడి ఉంది. కంచె మీద ఒకచోట చెక్క నున్నగా గుంటపడి ఉంది, ఆయన మోచెయ్యి ఆనించే చోటు. ఇన్నేళ్ళలో ఆమె దాన్ని చూడలేదు. ఇప్పుడు అందులో తన మోచెయ్యి ఉంది. కళ్ళు కొంచెం ఎర్రబడి ఉన్నాయి.

"ఇంత బరువా ఇవి!" అంది. "ఒక్కసారీ చెప్పలేదేం?"

"పట్టుకుంటే తెలుస్తుంది," అన్నాడు.

ఆమె నవ్వింది. "సరే, పైన చెయ్యెత్తి ఏమరిచారు?"

ఆయన చొక్కా దులుపుకున్నాడు. తీరిగ్గా గొంతు సవరించుకున్నాడు.

"ఎక్కితే తెలుస్తుంది."

"ఎక్కడం ఎక్కడండీ, దాన్ని విప్పేస్తుంటే!"

"కొత్తది వస్తోందిగా. ఈసారి ఇద్దరం."

"మరి సంచులో?" అన్నాడు బావమరిది.

అందరూ తమ తమ సంచులు తామే తీసుకున్నారు. చాలా ఏళ్ళలో మొదటిసారి ఆయన ఖాళీ చేతులతో బస్సెక్కాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, దారి పొడుగునా ఆమె చేతిని పట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆయన దుకాణం తెరిచాడు. బాగుచేయాల్సిన గొడుగులన్నీ పక్కకు నెట్టాడు. చొక్కాలు కుట్టగా మిగిలిన ఆకుపచ్చ గుడ్డ బల్ల మీద పరిచి, లోపల లారీల మీద కప్పే టార్పాలిన్ వేసి, ఒక పెద్ద సంచి కుట్టాడు. మనిషికొక అర. టోపీలకు వేరే, కళ్ళజోళ్ళకు మెత్తటి అర వేరే. పైన దిట్టమైన జిప్పు, జిప్పుకు తాళం. వెనక రెండు ఇనుప కొక్కేలు, బెంచీ ఊచలను కరుచుకునేటట్టు. జిప్పుకు కొవ్వొత్తి రాసి అటూ ఇటూ లాగి చూశాడు.

పనికి వెళ్తూ భార్య గుమ్మంలో ఆగింది.

"ఇంత పెద్ద సంచి ఎవరిదండీ?"

"బెంచీది," అన్నాడు ఆయన, దారం కొరుకుతూ.