తొమ్మిదే అన్న మేడమ్

మా కాలేజీలో బోటనీ చెప్పిన మేడమ్ పదిహేను రోజుల కింద మందమర్రిలో కన్నుమూశారు. కబురు తెచ్చినవాడు ఆమె దగ్గర చదువుకుని, ఇప్పుడు అక్కడే బడిపంతులుగా ఉన్నాడు. "సార్, మేడమ్ పోయింది. పొద్దుగాల చాయ్ తాగుకుంట కూసున్నకాడ్నే ఒరిగిపోయింది" అని గుమ్మంలో నిలబడే ఏడ్చాడు.

సంతాప సభలో పెద్దమనుషులు ఆమెను సౌమ్యురాలన్నారు. అబద్ధం. ఆమె మొండిది. ఆ మొండితనాన్ని చూసి నవ్వినవాళ్లే మొన్న దండలు పట్టుకొచ్చారు. నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి ఈ సంగతి నాకు బాగా తెలుసు.

పెళ్లి పత్రికల వెనకవైపు అక్షరాలు రాసి, ముప్పై చీట్లు కత్తిరించి పెట్టుకునేవారామె. జన్యు సందేశంలో మూడేసి అక్షరాలు కలిస్తే ఒక అమైనో ఆమ్లం. అందుకని బెంచికి ముగ్గురు చొప్పున పిల్లలు తలా ఒక చీటీ పట్టుకుని కూర్చోవాలి. ఆఖరి బెంచికి మాత్రం యూ, ఏ, ఏ; అంటే ఇక ఆపమనే గుర్తు.

"మీరేం తేరు బిడ్డా, మీరు ఆపుతరు. బావి కాడ సైరన్ కూస్తే పని ఆగుతది. మరి సైరన్‌కు హాజరేస్తరా?"

"ఎయ్యరు మేడం!"

అందరూ బొగ్గుబావి కార్మికుల పిల్లలు. ఆ అరుపు పక్క గదిలో జువాలజీ నోట్సు చెప్పే నాకు వినిపించేది. పది బెంచీలు, తొమ్మిది అమైనో ఆమ్లాలు. చిన్నపిల్లల ఆటలని నేను ఈసడించుకునేవాణ్ని. నా నోట్సు మాత్రం ఎవరికీ గుర్తుండేది కాదు.

ఎనభైల్లో ఒక వేసవి కరీంనగర్‌లో పరీక్ష పేపర్లు దిద్దుతున్నాం. సరిగ్గా ఆ లెక్కే వచ్చింది: ముప్పై అక్షరాల సందేశం, చివర యూ, ఏ, ఏ, అమైనో ఆమ్లాలు ఎన్ని? పైనుంచి వచ్చిన జవాబుల కాగితంలో 'పది' అని ఉంది. మేడమ్ పెన్నుకు మూత పెట్టేశారు.

"తొమ్మిది రాసినోళ్లకు నేను సున్న ఎయ్య."

ముఖ్య పరీక్షకుడు పగలబడి నవ్వాడు. "ముప్పైని మూడుతోని భాగిస్తే పదే గదమ్మా. ఎక్కాలు మర్చిపోయినవా?"

"ఎక్కాలు యాదికున్నయి సార్. ఆఖరి మూడక్షరాలేందో మీరే సదవలే."

గదంతా గొల్లున నవ్వింది. ఆమె నా వైపు తిరిగారు. "మీరన్న జర చెప్పున్రి సార్. సరిగ్గ నేర్సుకున్న పోరగాళ్లే ఫెయిలయితరు."

తొమ్మిదేనని నాకు తెలుసు. నా ప్రమోషన్‌కు ఆ పెద్దమనిషి మాట కావాలి. "పైనుంచి ఏదొస్తే అదే మేడమ్" అన్నాను.

ఆమెను ఆ పూటే పంపించేశారు. మర్నాడు ఎర్రబస్సెక్కి హైదరాబాద్‌లో బోర్డు ఆఫీసుకు పోయారు. ఏ గది ముందు ఎంతసేపు నిలబడ్డారో ఎవరికీ చెప్పలేదు. నాలుగో రోజు 'తొమ్మిది' అని దిద్దిన కాగితం వచ్చింది. కట్టలన్నీ విప్పి మళ్లీ దిద్దాం. ముఖ్య పరీక్షకుడు ముందొచ్చిన 'పది'ని అచ్చుతప్పు అన్నాడు. నాకు ప్రమోషన్ వచ్చింది.

ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. స్టాఫ్‌రూంలో ఎప్పటిలాగే చాయ్ నా వైపు జరిపి, "తాగున్రి సార్, సల్లారుతది" అనేవారు. ధైర్యం గురించి అలమారలకొద్దీ పుస్తకాలు చదివాను. కళ్లారా చూసింది ఆ వేసవిలోనే.

పదో రోజున ఆమె కూతురు ఒక పాత బిస్కెట్ డబ్బా నా చేతిలో పెట్టింది. "మీకియ్యుమన్నది సార్. 'గా సార్‌కు లెక్క ఎరికే, అప్పుడు చెప్పలే అంతే' అనేది అవ్వ."

ఇంటికొచ్చి డబ్బా తెరిచాను. అంచులు నలిగిన పెళ్లి పత్రికల ముక్కలు. మూడేసి పేర్చుకుంటూ పోయాను. బల్ల మీద తొమ్మిది వరుసలయ్యాయి. మిగిలిన యూ, ఏ, ఏ చీట్లు మూడూ చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాను.