ఎదుటి గుట్ట మీద గొంతు

దయ్యాలు లేవని వాదించేవారు ఆ రోజు నాతో చంద్రగిరి అవతలికి వచ్చి ఉండాల్సింది. ఆ మధ్యాహ్నం నా పరిశోధనతో పాటు నా ప్రాణం కూడా పోయిందనే అనుకున్నాను.

ఎనభైల మొదట్లో నేను తిరుపతిలో పరిశోధన చేసేవాణ్ణి. నా పని ఇదీ: వరుసగా నాటిన పన్నెండు యాంటెనా కమ్మీలు ఎదుటి నుంచి వచ్చేది గట్టిగా వినాలి, వెనక నుంచి వచ్చేది అసలు వినకూడదు. అదీ రేడియో ముల్లు ఎక్కడ పెట్టినా సరే. ఏ కమ్మీ ఎంత దూరంలో ఉంటే మేలో వెతికి పెట్టమని కంప్యూటర్‌కు లెక్క రాసిచ్చాను. ఈసారీ పనిచేయకపోతే ఇంటికి పొమ్మన్నారు మా ప్రొఫెసరు.

ఎదుటి గుట్ట మీద రేడియోలో కూత పంపే చిన్న పెట్టె ఉంచి వచ్చాం. అక్కడ నరమానవుడు లేడు. ఇవతల నేను, ప్రొఫెసరు, ల్యాబు మెకానిక్ మునిరత్నం. ఎండ నిప్పులు చెరుగుతోంది. గాలి లేదు, కాకి లేదు, రావాల్సిన కూతా లేదు. ముల్లు తిప్పాను.

"ముగ్గురొచ్చినారు," అంది రేడియోలో ఒక మగగొంతు, తీరిగ్గా.

ఎదుట బండలు తప్ప ఏమీ లేవు.

"నీలం సొక్కాయోడు ఏందో తిప్పతా ఉండాడు."

నీలం చొక్కా నాది. చటుక్కున చెయ్యి తీసేశాను.

"ఇప్పుడు సెయ్యి తీసేసినాడు."

నా వెంట్రుకలు పల్లేరు ముళ్ళలా నిక్కాయి. వెనక నుంచి వస్తోందేమోనని ప్రొఫెసరు అనుమానపడితే, వెనక ఏనుగు ఘీంకరించినా ఇది వినదని ఒట్టేశాను. చదువుకున్నవాడి మూర్ఖత్వానికి మందుందా, మీరే చెప్పండి.

ఆ గుట్టలోనే తన తాత పోయాడనీ, గొంతు అచ్చం ఆయనదేననీ మునిరత్నం చెప్పాడు. అంతలో మళ్ళీ వినబడింది.

"ముగ్గుర్నీ తీసకపోయేదానికి మనుషుల్ని పంపండి."

మునిరత్నం గోవిందనామం అందుకున్నాడు. జన్మలో గుడి మెట్టెక్కని ప్రొఫెసరు గొంతు కలిపారు. నేను కళ్ళు మూసుకున్నాను. భుజం మీద బరువైన చెయ్యి పడింది.

"దుంగలు యాడ దాసినారప్పా?"

అటవీశాఖ వాళ్ళు. మా వెనక కొండ మీది కాపలాదారు మా కమ్మీలను చూసి ఎర్రచందనం దొంగలనుకుని, వైర్‌లెస్‌లో పైవాళ్ళకు మా కదలికలన్నీ చెబుతున్నాడట. మేమెవరమో నమ్మించి బయటపడేసరికి పొద్దు వాలింది.

ల్యాబుకొచ్చి కాగితాలు విప్పితే తేలింది. లెక్కలో ఒక్క గుర్తు తిరగబడింది, ప్లస్ ఉండాల్సిన చోట మైనస్. ఎదుటిది తగ్గించి వెనకది పెంచమని నేనే రాశాను. అడగందే అమ్మైనా పెట్టదంటారు. తప్పుగా అడిగితే కంప్యూటరు మాత్రం కడుపునిండా పెడుతుంది.

ప్రొఫెసరు కాగితం మడిచి, "దాని తప్పేం లేదప్పా. వెనక మాటలు వినేదానికి ఇంతకంటే మంచి యాంటెనా ఈ దేశంలో ఉండదు," అన్నారు. మరో నెల గడువిచ్చారు. ఆ నెలలో కూత వినబడింది, పట్టా వచ్చింది.

కనుక ఏడుకొండల సాక్షిగా ప్రతిన చేస్తున్నాను: ఇకమీదట కంప్యూటర్‌ను ఏ కోరికా కోరను. కోరక తప్పకపోతే ఇద్దరు పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి, ప్లస్సులూ మైనస్సులూ పైకి చదివి మరీ కోరతాను.