తాతయ్య వద్దన్న నవల

నా చిన్నప్పుడు, సినిమావాళ్ళు ఒక్కొక్కరే మద్రాసు వదిలి హైదరాబాదు చేరుతున్న రోజుల్లో, మేమూ వచ్చి ఫిల్మ్‌నగర్‌లో ఒక అద్దె ఇంట్లో దిగాం. చుట్టూ బండరాళ్ళూ, సగం కట్టిన ఇళ్ళూ. మా తాతయ్య సినిమాలకు మాటలు రాసేవారు. రాసినవన్నీ పెద్ద రచయితల పేర్ల మీద వెళ్ళిపోయేవి. తెరమీద తన పేరు ఒక్కసారైనా చూసుకోవాలని ఆయనకు ఎంత ఆశో ఇంట్లో అందరికీ తెలుసు.

ఒక వేసవిలో జూబ్లీహిల్స్‌లో ఉండే ఒక నిర్మాత ఆయన్ను పిలిపించి, పేరున్న ఒక రచయిత్రి నవలలన్నీ చదివి సినిమాకు ఒకటి ఎంచమన్నారు. మాటలు తాతయ్యవే, తెరమీద పేరూ ఆయనదే. పుస్తకాల కట్టతో ఆటో దిగినప్పుడు తాతయ్య నడకే మారిపోయింది.

సినిమా కథ ఎవరూ కాగితం మీద చదవరు, నోటితో చెప్పాలి. అందుకని తాతయ్య ఒక్కో నవలా నాకిచ్చి చదివించి, నా చేత కథ చెప్పించుకునేవారు. చిన్నపిల్లకు ఎక్కితే జనానికీ ఎక్కుతుందని ఆయన నమ్మకం. నేనా, వాగుడుకాయని. తప్పిపోయిన అక్కచెల్లెళ్ళు, పీటల మీద ఆగిన పెళ్ళిళ్ళు, కోర్టులో బయటపడే నిజాలు, అన్నీ గడగడా చెప్పేసేదాన్ని. ఇంటర్వెల్ ఎక్కడ పడాలో కూడా నేనే తేల్చేదాన్ని.

ఒక్క నవల దగ్గర నా వాగుడు సాగలేదు. అందులో ఒక ఇల్లాలు ఉన్నట్టుండి మొగుడితో మాట మానేస్తుంది. అతనికి వండిపెడుతూనే, అదే ఇంట్లో, బతుకంతా అలాగే ఉండిపోతుంది. ఎందుకో రచయిత్రి చివరిదాకా చెప్పదు.

"ఇందులో కథే లేదు తాతయ్యా," అన్నాను.

"మరి ఎందుకు మానేసిందంటావు?" అన్నారు.

నేనొక కారణం చెప్పాను. వంటింట్లోంచి అమ్మ ఇంకొకటి చెప్పింది. నాన్నమ్మ మాత్రం తాతయ్య వంక ఒక చూపు చూసి లోపలికి వెళ్ళిపోయింది.

తాతయ్య నవ్వేశారు. "మిగతావి తర్వాతేమవుతుందా అని చదివాం, అయ్యాక పక్కన పెట్టేశాం. ఇది మూసేశాక కూడా మనల్ని వదల్లేదు చూడు. అన్నీ ఆవిడే రాసింది. కానీ ఇలా రాయడానికి చాలా ధైర్యం కావాలమ్మా," అన్నారు.

కథలన్నీ తాతయ్య నోట విన్నాక నిర్మాతకూ ఆ నవలే నచ్చింది. మా ఇంటికే వచ్చారు. "గురువుగారూ, ఆ కారణమేదో మనం పెట్టేద్దామండీ. ఫ్లాష్‌బ్యాక్‌లో రెండో హీరోయిన్ని దింపుదాం. క్లైమాక్స్‌లో ఆవిడ నోరు విప్పి మొగుణ్ణి కడిగేస్తే హాల్లో చప్పట్లే."

తాతయ్య కాఫీ గ్లాసు పక్కన పెట్టేశారు. "అది సినిమాకి పనికిరాదండీ," అన్నారు.

"మీరే పనికిరాదంటే ఇంకెందుకు లెండి," అని నిర్మాత మొహం ముడుచుకుని లేచారు. తర్వాత వేరే రచయిత కథతో సినిమా తీసుకున్నారు. తాతయ్యకు మళ్ళీ పిలుపు రాలేదు. తెరమీద ఆయన పేరు మేమెవరమూ ఎప్పుడూ చూడలేదు.

నిర్మాత లేచి వెళ్ళిపోయిన ఆ సాయంత్రం తాతయ్య ఎవరితోనూ మాట్లాడలేదు. అంత మంచి నవలను పనికిరాదని ఎందుకన్నారో, ఇప్పుడు బాధగా ఉందేమో అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. అడగలేదు. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

ఇప్పటికీ ఇంట్లో ఎవరైనా ముభావంగా ఉంటే నేను కారణం తవ్వను. మా పిల్లలు దాన్ని పట్టనితనం అనుకుంటారు. చెప్పాలనిపిస్తే ముభావంగా ఉన్నవాళ్ళే చెబుతారు. చెప్పలేనివాళ్ళంటే నాకు ఇంకాస్త గౌరవం.